మూతలు తీసిన ఆదివారం

"పగలగొట్టండి."

ఆవిడ నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. నమస్కారం లేదు, మీరెవరండీ లేదు, ఎండ మండిపోతోందన్న పాటి పలకరింపు కూడా లేదు.

నేను వెనక్కి తిరిగి చూశాను. నాతో కాదేమో, నా వెనకాల ఎవరైనా ఉన్నారేమో అని చిన్న ఆశ. ఎవరూ లేరు. నేనూ, నా చేతిలో టీ గ్లాసూ, నిన్న సాయంత్రమే ముచ్చటపడి నున్నగా పూత పూయించిన గోడా, అంతే.

"ఏం పగలగొట్టాలండీ?"

"గోడ."

"ఎందుకండీ?"

"లోపల పైపు ఎలా బిగించారో నేను చూడలేదు. నేను చూడకముందే మూసేశారు."

"బంగారంలాంటి పైపండీ. నా మాట నమ్మండి."

"మీరెవరు?"

"కాంట్రాక్టర్ని."

"అయితే అస్సలు నమ్మను," అని తలమీద తెల్ల హెల్మెట్ సర్దుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

నేను కొయ్యబారిపోయాను. అప్పటిదాకా నేను చూసిన ఇంజనీర్లు జీపు దిగేవాళ్ళు, కూల్ డ్రింక్ తాగేవాళ్ళు, గోడని దూరం నుంచి చూసి "ఊఁ, కానివ్వండి" అనేవాళ్ళు. గోడ లోపల ఏముందని అడిగిన మనిషిని అదే చూడటం!

సంగతేమిటంటే, అది ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్స్. అంతస్తుకో ఇల్లు, కింద ఒకటి, పైన నాలుగు. పైపులన్నీ తుప్పుపట్టి, కొళాయి తిప్పితే టీ డికాషన్ రంగులో నీళ్ళొచ్చేవి. ఎండాకాలం వస్తే మనుషులు గచ్చు మీద తడిబట్ట పరుచుకుని పడుకునేవాళ్ళు. ఇన్నేళ్ళకి ప్రభుత్వానికి దయ కలిగి, పైపులు మార్చి ఇంటికో ఏసీ పెట్టమని టెండర్ పిలిచింది. అప్పటిదాకా మా మేనమామ కింద పనిచేసిన నేను, మొదటిసారి నా పేరు మీద టెండర్ వేశాను. వచ్చేసింది! రెండురోజులు నాకే నమ్మకం కుదర్లేదు.

"నీకెందుకురా ఈ పెద్దరికం? పని చెడితే మళ్ళీ నా గుమ్మమే ఎక్కాలి," అన్నాడు మావయ్య.

పని చెడకూడదు. చెడలేదని చెప్పాల్సింది ఆ తెల్ల హెల్మెట్. ప్రతి దశలోనూ ఆవిడ చూసి బాగుందంటేనే నేను ముందుకు కదలాలి.

గోడ పగలగొట్టాను. ఆవిడ టార్చి వేసి లోపలికి చూసింది. పైపు కీలు దగ్గర వేలు పెట్టి తడిమి చూసింది.

"బాగుంది," అంది.

"చెప్పానా!"

"ఇప్పుడు మూసుకోండి."

"గోడనేనా అండీ?"

ఆవిడ తల తిప్పుకునేటప్పుడు పెదవి చివర్న ఏదో కదిలింది. నవ్వే అని నేను ఒట్టేసి చెప్తాను. మేస్త్రి బాబాయ్ మాత్రం దుమ్ము పడి ఉంటుందన్నాడు.

మేస్త్రి బాబాయ్ అంటే నాకు చుట్టమేం కాదు. పైపుల పనిలో నాకు ఓనమాలు నేర్పిన మనిషి. మావయ్య దగ్గర మానేసి నా వెనకాల వచ్చేశాడు, పాపం.

అలా మొదలైంది మా గొడవ. గొడవ అని నేనంటున్నాను గానీ, పొద్దున్న ఆ హెల్మెట్ గేటు దాటే వేళకి నా చొక్కా మడతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం మొదలుపెట్టానంటే, దాన్ని గొడవ అనరు.

"కాంట్రాక్టర్ గారూ, ఈ కొళాయి వంకరగా ఉంది."

"మీరు తల వంచి చూస్తున్నారండీ."

"లెవెల్ మట్టం తల వంచదు. చూడండి."

చూశాను. వంకరగానే ఉంది. నాలుక కరుచుకున్నాను.

ఒకరోజు డాబా మీద ఏసీల బయటి యూనిట్లు దింపిస్తుంటే ఉన్నట్టుండి వాన. మబ్బు కూడా లేదు! పనివాళ్ళు కిందకి పరిగెత్తారు. మూతలు విప్పిన యూనిట్లు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నేను పట్టా లాగుతుంటే ఇంకో కొస ఎవరో అందుకున్నారు. చూస్తే ఆవిడ!

"మీరు కిందికెళ్ళండి మేడమ్, తడుస్తారు!"

"యూనిట్లు తడిస్తే రేపు నేనే కదా వద్దనాల్సింది? గట్టిగా పట్టుకోండి!"

పట్టుకున్నాం. గాలికి పట్టా ఇద్దర్నీ అటూ ఇటూ లాగుతోంది. హెల్మెట్ అంచు మీంచి నీళ్ళు ధారగా కారుతుంటే, ఆవిడ కళ్ళు చికిలించి, ఏదో ఆటలో గెలుస్తున్న పిల్లలా పకపకా నవ్వింది. దుమ్ము కాదు, ఏం కాదు. నిఖార్సైన నవ్వు. ఆ నవ్వుకి నా చేతిలో పట్టా కొస జారిపోయింది.

"పట్టా!" అని అరిచింది.

"ఆఁ, పట్టా, పట్టా," అన్నాను, ఎటు చూస్తున్నానో తెలీకుండా.

నా సుఖానికి ఒకే ఒక్క అడ్డంకి, కింది ఫ్లాట్ పెద్దాయన. ఖజానా ఆఫీసులో సూపరింటెండెంట్. పొద్దున్న మేము డ్రిల్లు ఆన్ చేయడమే తడవు, ఆయన గుమ్మంలోకి వచ్చేవాడు.

"ఏం బాబూ, మీ డ్రిల్లు గోడలో తిరుగుతోందా, నా పంట్లో తిరుగుతోందా? ఏం బాబూ, మెట్లమీద ఈ సిమెంటు నేను ఊడవాలా? ఏం బాబూ, నీళ్ళు ఆపే ముందు తలుపు కొట్టి చెప్పాలని మీ ఇంట్లో నేర్పలేదా?"

గొంతు వీధి చివరిదాకా వినిపించేది. ఆయనకి 'సైరన్' అని పేరు పెట్టాను. మా పనివాళ్ళంతా అలాగే పిలిచేవాళ్ళు, చాటుగా.

ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడే ఆవిడ ఆ ఫ్లాట్ తనిఖీ చేసేది.

"సార్, లోపలికి రావచ్చా?" అనేది గుమ్మంలో నిలబడి.

"రండి మేడమ్. చెప్పులు బయట విప్పండి," అనేవాడాయన.

పెద్దాయన భార్య మంచినీళ్ళు తెచ్చి "తీసుకోండి మేడమ్" అనేది. ఎందుకో గానీ ఆ మాట అనేటప్పుడు ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

బయటికొచ్చాక నేను ఇంజనీర్ మేడమ్‌తో వాపోయేవాణ్ణి. "ఆ మనిషితో ఇంట్లోవాళ్ళు ఎలా వేగుతున్నారో పాపం!"

ఆవిడ దగ్గేది. "అలవాటైపోయి ఉంటుంది లెండి."

శుక్రవారానికి పని ఒడ్డున పడింది. ఒక్క ఏసీల నీళ్ళ పైపు మిగిలింది. ఏసీ నడిస్తే నీళ్ళు కారతాయి కదా, అవి పోవడానికి గోడ లోపల పైనుంచి కిందదాకా ఒకే పైపు దించాం. ప్రతి ఇంటి పడగ్గదిలోనూ దానికొక నోరు ఉంటుంది. ఏసీ బిగించేదాకా దుమ్ము పడకుండా ఆ నోళ్ళకి మూతలు పెట్టి ఉంచాం.

"సోమవారం, ఏసీలు తగిలించేముందు ఆఖరి తనిఖీ. మూతలన్నీ తీసి ఉంచండి, లోపల చెత్త ఏమైనా ఉందేమో చూడాలి," అంది ఆవిడ. ఆరోజు ఎందుకో ముభావంగా ఉంది. కింది ఫ్లాట్ బాత్రూమ్‌లో చాలాసేపు ఒక్కతే నిలబడింది. పలకరిస్తే ఉలిక్కిపడింది. శనివారం అసలు సైటుకే రాలేదు.

మూతలు తీయమని మేస్త్రి బాబాయ్‌తో చెప్పాను. చెప్పి, మర్చిపోయాను. నా మతిమరుపు కాల్చ!

ఆదివారం పనివాళ్ళకి సెలవు. నేనూ బాబాయీ మాత్రం వచ్చాం. నాలుగో అంతస్తు ఫ్లాట్ ఖాళీగా ఉంది. పాతవాళ్ళు బదిలీ మీద వెళ్ళారు, కొత్తవాళ్ళు ఇంకా దిగలేదు. నేను అక్కడ పైపు నోటి దగ్గర కూర్చున్నాను. బాబాయ్ కింద పెరట్లో, పైపు బయటికొచ్చే చోట ఉండాలి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ పైపు ఎక్కడికి పోతోందో అనుమానమొస్తే ఒకడు ఒక కొసలో నోరు పెట్టి అరుస్తాడు, ఇంకొకడు రెండో కొసలో చెవి పెట్టి వింటాడు. మెట్లెక్కే బద్ధకానికి మేమిద్దరం దాన్ని ఫోన్‌లా వాడేస్తాం. పైపులో ఏ మగగొంతైనా ఒకేలా ఉంటుంది, జలుబు చేసినట్టు.

"బాబాయ్! వినపడుతోందా?"

"ఊఁ," అంది పైపు.

"పని అయిపోయినట్టే కదా?"

"ఊఁ."

మనసులో ఎన్నాళ్ళనుంచో కుమిలిపోతున్నానేమో, ఆ చల్లటి ఖాళీ గదిలో నా నోటికి తాళం ఊడిపోయింది.

"బాబాయ్, నీకో మాట చెప్పాలి. నవ్వకూడదు మరి."

"ఊఁ."

"ఇంజనీర్ మేడమ్ మీద మనసు పడ్డాను."

పైపులో దబ్బున ఏదో పడ్డ చప్పుడైంది.

"పానా జారిందా బాబాయ్?"

"జారింది," అంది పైపు. "ఎన్నాళ్ళనుంచి?"

"గోడ పగలగొట్టించిన రోజునుంచే అనుకుంటా. ఆ అమ్మాయికి అబద్ధం చెప్పడం రాదు బాబాయ్. బాగోలేదంటే బాగోలేదంటుంది, మొహమాటం లేదు. నా పని బాగుందని ఎప్పుడైనా అంటే, ఆ రోజు నాకు సంతోషంతో అన్నం సయించదు. అలాంటి మనిషి పక్కనుంటే నేను జన్మలో వంకర పని చేయను."

"అమ్మాయితో అన్నావా ఈ మాట?"

"పిచ్చా నీకు? నా పని చూసి తేల్చాల్సిన మనిషి. ఇలాంటిది ఎవరి చెవినైనా పడితే నాకేం కాదు, ఆ అమ్మాయి ఉద్యోగం మీదికొస్తుంది. ఎంక్వయిరీ అంటారు, సస్పెన్షన్ అంటారు. తనిఖీ అయ్యేదాకా నోరు కుట్టేసుకుంటాను. ఒక్క మనిషికి కూడా తెలియనివ్వను."

"అది మంచి ఆలోచన," అంది పైపు, ఎందుకో నీరసంగా.

"అయ్యాక వాళ్ళ నాన్నగారి దగ్గరికెళ్ళి అడుగుతాను. ఆయనెవరో ఎలాంటివాడో! మన కింద సైరన్‌లాంటి మనిషి మాత్రం కాకుండా ఉంటే చాలు దేవుడా."

"సైరనా?"

"అదే, మన సూపరింటెండెంటు! అలాంటి మావగారు తగిలితే ఇంక నేను పైపులోనే కాపురం పెట్టాలి."

అప్పుడే నా వెనక గుమ్మంలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఒక్కడివే ఎవరితోరా మాటలు?" అన్నాడు మేస్త్రి బాబాయ్, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులతో.

బాబాయ్‌ని చూశాను. పైపుని చూశాను. మళ్ళీ బాబాయ్‌ని చూశాను.

"నువ్వు... కింద లేవా?"

"టీకి వెళ్ళాను కదరా. బంకు మూసుంటే వీధి చివరిదాకా పోవాల్సొచ్చింది."

"మూతలు?"

"పొద్దున్నే అన్నిళ్ళలోనూ తీసేశాను. నువ్వేగా తీయమన్నావు!"

పైపులో ఆడగొంతు ఒకటి కిసుక్కున నవ్వింది. నేను పైపు దగ్గరికి వంగాను.

"ఎ... ఎవరండీ నవ్వింది?"

"మొదటి అంతస్తు బాబూ," అంది గొంతు. "అదీ, దుప్పట్లు మడతపెట్టుకుంటున్నాను."

"మేం రెండో అంతస్తు," అంది ఒక మగగొంతు. "మా అత్తగారికి సరిగ్గా వినపడలేదట. గోడ పగలగొట్టిన దగ్గర్నుంచి మళ్ళీ చెప్తావా?"

"నేను కిందినుంచి," అంది నాతో ఇందాకట్నుంచి మాట్లాడుతున్న గొంతు. "కిందికి రా."

బాబాయ్ విషయం అర్థమై, రెండు టీలూ తనే తాగేశాడు.

మెట్లు దిగుతుంటే మూడో అంతస్తు టీచరమ్మ తలుపు తీసి నిలబడింది. "చెప్పిన విషయం బాగుంది. కాకపోతే మావగారి గురించి ఆ వాక్యం తీసేయాల్సింది," అంది. రెండో అంతస్తు ఫైరింజను డ్రైవరు నా భుజం మీద చెయ్యేసి, "నీకు నిజంగా తెలీదా?" అన్నాడు జాలిగా.

"ఏం తెలీదా?"

ఆయన నా వీపు తట్టి లోపలికెళ్ళిపోయాడు. మొదటి అంతస్తు నర్సమ్మ నా మొహం చూసి, "నీళ్ళు తాగుతావా బాబూ? బీపీ చూడమంటావా?" అంది.

కింది ఫ్లాట్ తలుపు బార్లా తెరిచి ఉంది. సైరన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను చేతులు జోడించి, "సార్, తప్పైపోయింది, ఆ సైరన్ అన్న మాట..." అంటుండగా ఆయన వెనకనుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇంటి చుడీదారు, తడిజుట్టుకి చుట్టిన తువ్వాలు, చేతిలో దువ్వెన.

హెల్మెట్ లేకపోతే గుర్తుపట్టడానికి నాకు ఒక క్షణం పట్టింది. గుర్తుపట్టాక నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

"మేడమ్! మీరేంటి ఇక్కడ?"

"మా ఇల్లు," అంది.

"మీ... మరి ఈయన..."

"మా నాన్న."

నాకు తప్ప బిల్డింగంతా తెలుసు. నాకూ తెలుసనే వాళ్ళందరూ అనుకున్నారు. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి ఆఫీసుకెళ్ళి, హాజరు వేసి, హెల్మెట్ పెట్టుకుని, మళ్ళీ సొంతింటికే తనిఖీకి వచ్చి "సార్, లోపలికి రావచ్చా" అని అడిగిందన్నమాట ఇన్నాళ్ళూ!

"ఎంతమంది విన్నారో తెలుసా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఇంట్లో ఉన్నవాళ్ళందరూ అనుకుంటానండీ."

"నేను పుట్టి పెరిగిన ఇల్లిది. ఇక్కడి పనిలో నేను మావాళ్ళకి ఏదో చేసుకుంటున్నానని ఎవరూ అనకూడదని, మా అమ్మ చేతి నీళ్ళు కూడా పరాయిదానిలా తాగాను. ఇప్పుడు? నేను బాగుందన్న ప్రతి గోడకీ, ప్రతి కొళాయికీ వీళ్ళు వేరే అర్థం తీస్తారు. నా మాటకి ఇంకేం విలువ ఉంటుంది?"

"మేడమ్, నేను..."

"నాకున్నది ఆ మాటొక్కటే," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దాయన నన్ను తిట్టలేదు. ఆ మనిషి తిట్టకపోతే ఎంత భయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

"వెళ్ళు బాబూ," అన్నాడు మెల్లిగా. "దాని ఉద్యోగానికి ఏమీ కాకూడదని దణ్ణం పెట్టుకో."

సోమవారం ఆఫీసు బండి గేటులోకి వచ్చింది. తెల్ల హెల్మెట్ దిగుతుందని గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను. చేతిలో బెత్తంతో టకటక సార్ దిగాడు!

ఆయన ఆ శాఖలో పెద్ద ఇంజనీరు. బెత్తంతో ప్రతి టైలునీ టకటకా కొట్టి, కింద డొల్ల ఉందో లేదో శబ్దంతో చెప్పేస్తాడు. ఆయన తనిఖీ అంటే కాంట్రాక్టర్లు జ్వరం తెచ్చుకుని పడుకుంటారు. కానీ ఆ క్షణాన నాకు ఆయనంటే భయం వేయలేదు. ఒక్కటే తట్టింది. తీసేశారు. నా నోటిదూల వల్ల ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారు! ఎవరో ఆఫీసుకి మోసేసినట్టున్నారు.

ఆయన పైనుంచి మొదలుపెట్టాడు. టక్, టక్. "ఊఁ." టక్, టక్. "ఊఁ." వెనకాలే జనం. టీచరమ్మ, నర్సమ్మ, డ్రైవరు, వాళ్ళ అత్తగారు, అందరూ మెట్లమీద బారులు తీరారు. పెద్దాయన సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉన్నాడు. నేను ఆయన మొహం చూడలేకపోయాను.

కింది ఫ్లాట్ బాత్రూమ్‌కి వచ్చాం. పైపుల కోసం తవ్వి టైల్స్ కొత్తగా వేశాం, ఇంకా వాడకం మొదలుపెట్టలేదు, వాళ్ళ స్నానాలు పెరట్లోనే. టకటక సార్ బకెట్ నీళ్ళు గచ్చు మీద కుమ్మరించాడు. నీళ్ళు జాలీ వైపు పోవాలి. పోలేదు. తీరిగ్గా వెళ్ళి మూల చేరాయి.

"వాలు తప్పింది. ఈ బాత్రూమ్ ఫెయిల్," అన్నాడు.

మెట్లమీద అందరూ "అయ్యో" అన్నారు. నా మొదటి పని, పేరు, మావయ్య మాట, అన్నీ గుర్తురావాలి కదా? ఏదీ రాలేదు.

"సార్, ఫెయిల్ చేయండి," అన్నాను. "బిల్డింగంతా ఫెయిల్ చేయండి. నన్ను బ్లాక్ లిస్టులో పెట్టేయండి. జన్మలో టెండర్ వేయను, మా మావయ్య దగ్గరికే పోతాను. కానీ ఆ మేడమ్‌ని ఏమీ అనొద్దు. ఆవిడ తప్పు ఆవగింజంత కూడా లేదు. వాగింది నేను. ఆవిడని మళ్ళీ ఈ పనిలో పెట్టండి సార్, మీకు పుణ్యముంటుంది."

టకటక సార్ బెత్తం దించాడు. "ఆవిడని ఎవరు తీశారయ్యా?"

"మీరేగా! నిన్న నేను పైపులో..."

"నిన్న పైపులో ఏం జరిగిందో నాకు తెలీదు. ఆ అమ్మాయి శనివారం పొద్దున్నే నా గదికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. 'సార్, క్వార్టర్స్ పని ఇంకెవరికైనా ఇవ్వండి, నేను చూడలేను' అంది. ఏమ్మా, కాంట్రాక్టరు ఏమైనా వెర్రివేషాలు వేశాడా అన్నాను. 'లేదు సార్. అతని మీద నాకు ఇష్టం కలిగింది. అది అతనికి కూడా తెలీదు. ఇక ఆ పని మీద నేను చెప్పే మాట చెల్లదు' అంది."

టకటక సార్ బెత్తం గోడకి ఆనించాడు.

"నా సర్వీసంతా తప్పులు దాచిపెట్టమని వచ్చినవాళ్ళనే చూశాను," అన్నాడాయన. "తన మనసు మీద తనే ఫిర్యాదు చేసిన మనిషిని అదే చూడటం. నాకు ఏమనాలో తోచలేదు. వేరే కాలనీలో మురుగు పంపుల పని ఇచ్చాను. అందరూ వద్దనే పని. థాంక్యూ సార్ అని వెళ్ళిపోయింది."

శనివారం! నేను వాగడానికి ముందురోజే!

నేను ఆ మూల చేరిన నీళ్ళలోనే కూలబడిపోయాను. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. డ్రైవరు అత్తగారు, "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అందర్నీ పట్టుకుని ఊపేస్తోంది. పెద్దాయన గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పాపం, ఆయనకీ తెలీదు. పొద్దున్న హెల్మెట్ పెట్టుకుని వెళ్తుంటే ఇక్కడికే వస్తుందనుకున్నాడట.

"నాకు చెప్పలేదు," అన్నాడు, ఆ గొంతులో సైరన్ మచ్చుకైనా లేకుండా. "నిన్న నువ్వన్నవన్నీ విన్నాక కూడా, ఒక్క ముక్క నోరు జారలేదు."

అందరూ వెళ్ళిపోయారు. నేనూ లేచి తడిసిన ప్యాంటుతో గుమ్మం దాటబోయాను.

"ఎక్కడికి బాబూ?" అన్నాడు వెనకనుంచి.

"వెళ్తానండీ. ఏ మొహం పెట్టుకుని ఉండను?"

"అది సాయంత్రం వస్తుంది. ఉండు," అన్నాడాయన. "సైరన్ అన్నావుగా. ఇంట్లో బంగారముంటే సైరన్ మోగుతుంది మరి," అని నాకు పొడి తువ్వాలు తెచ్చిచ్చాడు.

సాయంత్రం ఆవిడ గేటు తీసుకుని వచ్చింది. చెప్పులకి బురద, చొక్కా మీద గ్రీజు మరకలు, మొహం అలసిపోయి ఉంది. బాల్కనీలన్నీ ఒక్కసారిగా నిండిపోవడం చూసి ఆగిపోయింది. గేటు పక్కన అరుగు మీద కూర్చున్న నన్ను చూసింది.

"తెలిసిపోయిందా?" అంది.

"టకటక సార్ చెప్పేశారు. అందరి ముందూ."

కళ్ళు గట్టిగా మూసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. గోడలు పగలగొట్టించిన మనిషి, నిలబడ్డచోటే చిన్నపిల్లైపోయింది.

"నిన్న ఎందుకు చెప్పలేదండీ? నేనే మీ ఉద్యోగం పోగొట్టానని చచ్చిపోయాను!"

"ఏమని చెప్పను? అప్పటికే తప్పుకున్నానంటే, ఎందుకని అడుగుతారు. బిల్డింగంతా చెవులు రిక్కించుకుని ఉంటే, నిలబడి ఆ మాట చెప్పమంటారా? అది మీకు తేలికేమో, నాకు కాదు."

నేను తలవంచుకున్నాను. ఆవిడ వచ్చి అరుగు రెండో కొసన కూర్చుంది.

"తనిఖీ ఏమైంది?"

"ఒక్కటి ఫెయిల్. మీ బాత్రూమే. వాలు తప్పింది."

ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. బురద చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"శుక్రవారం చూశాను. చూడగానే తప్పని తెలిసింది. పగలగొట్టించాలి. కానీ మీరు ఆ టైల్స్ స్వయంగా కూర్చుని వేశారు. మోకాళ్ళు పట్టేసి గోడ పట్టుకుని లేచారు. అది నేను చూశాను. పర్లేదులే, కొంచెమే కదా అనుకున్నాను. నేను! పర్లేదులే అనుకున్నాను! నా ఒంట్లో ఆ మాట ఉందనే నాకు తెలీదు. నాకెంత భయమేసిందో తెలుసా? ఆ బాత్రూమ్‌లో నిలబడే అర్థమైంది, నేను మీ విషయంలో ఇక ఇంజనీర్ని కానని."

నాలుగంతస్తులకి వినిపించేలా ప్రేమ చాటిన మొనగాణ్ణి, ఒక్క ముక్క దొరక్క గుటకలు మింగుతున్నాను.

"ఇప్పుడేం చేయమంటారు?" అన్నాను చివరికి.

"వాలు సరిచెయ్యి," అంది. మీరు పోయి నువ్వు ఎప్పుడొచ్చిందో ఆవిడే గమనించలేదు.

"సరిచేశాక?"

"సార్ మళ్ళీ వస్తారు. ఆయన పాస్ అంటే మా నాన్న దగ్గరికొచ్చి అడుగు."

"మళ్ళీ ఫెయిల్ అంటే?"

"మళ్ళీ సరిచెయ్యి," అంది నా వైపు తిరిగి. "ఎన్నిసార్లైనా సరే. నేనెక్కడికీ పోను."